హారన్ బావ, పాడూరి దిబ్బ

ఆ దిబ్బకి మంచిపేరు ఎప్పుడూ లేదు.

పగలు చూస్తే అందులో ఏముంది? గడ్డి మొలిచిన మిట్ట. దాని మీద చిన్నచిన్న ఎత్తుపల్లాలు... ఎవరో ఇంటి సామానంతా ఒకచోట పెట్టి పైన పెద్ద దుప్పటి కప్పేసినట్టు. ఎన్నో వందల ఏళ్ళ కింద అక్కడ ఒక ఊరుండేదట. వీధులు, ఇళ్ళు, దొడ్లు, బావి అన్నీ. ఇప్పుడు గోడ లేదు, గుమ్మం లేదు, ఆ ఊరి పేరేమిటో చెప్పే మనిషీ లేడు. అందుకని జనం పాడూరి దిబ్బ అని ఊరుకున్నారు.

పొద్దు వాలి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మాత్రం ఆ గడ్డి కింద వీధి కనిపిస్తుంది. ఇటో వరస ఇళ్ళు, అటో వరస ఇళ్ళు, మధ్యలో దారి. ఎండ పోగానే ఊరు కూడా పోతుంది.

పోతుందా... లేక అక్కడే ఉంటుందా? గొడవంతా అక్కడే.

రాత్రిపూట అటు వెళ్ళినవాళ్ళు తలా ఒకటి చెప్పేవాళ్ళు. పొయ్యి పొగ వాసన వచ్చిందని ఒకరు. కుక్క మొరిగింది గానీ కుక్క కనపడలేదని ఇంకొకరు. సైకిళ్ళు బాగుచేసే ఆయన దిబ్బ ఎక్కి, తిన్నగా ముందుకి నడిచి, చివరికి ఎక్కినచోటే దిగాడట. ఆ రోజు ఆయన కాస్త పుచ్చుకుని ఉన్నాడనే మాట కూడా ఉందనుకోండి. అయినా సరే, కథ కథే.

ఆ ఊరు ఒక్క రాత్రిలో చచ్చిందని అందరూ ఒప్పుకునేవాళ్ళు. జ్వరమని కొందరు, వరదని కొందరు, శత్రువుల దండని కొందరు. ఎలా చచ్చారన్న దగ్గర మాట కలవదు గానీ, చావు మాత్రం ఖాయం.

ఇక మన మనిషి సంగతి.

ఈయన పాలబండి నడిపేవాడు. పొద్దున్నా సాయంత్రం ఊళ్ళు తిరిగి పాలు ఎత్తుకుని కేంద్రంలో పోసి రావడం పని. నోరు పెద్దది, గుండె చిన్నది. దారిలో కల్వర్టు దాటగానే కుడిపక్క ఆ దిబ్బ వస్తుంది. అక్కణ్ణించి మలుపు దాకా హారన్ మీద పెట్టిన చెయ్యి తీసేవాడు కాదు. బోయ్‌య్‌య్... అని ఒకటే మోత. ఆ చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్ళు ఆ మోత వింటే పాలబండి వచ్చిందనుకునేవాళ్ళు కాదు, "పాపం, భయపడుతున్నాడు" అనుకునేవాళ్ళు. ఎవరైనా మొహానే అడిగితే మాత్రం, "పశువులు అడ్డం వస్తాయండీ, జాగ్రత్త ఉండాలి" అనేవాడు. ఆ రోడ్డు మీద పశువన్నది ఎవరూ చూసి ఎరగరు.

అలా అతనికి హారన్ అనే పేరు స్థిరపడింది. ఇంట్లో బావమరిది కూడా హారన్ బావ అనే పిలిచేవాడు.

ఆ బావమరిది ఆ ఏడాదే అక్కగారింటికి చేరాడు. దిబ్బ మీద తవ్వకాలు మొదలయ్యాయి. అందులో బొమ్మలు గీసే పని అతనిది. బయటపడిన ప్రతి రాయినీ కొలిచి కాగితం మీదికి ఎక్కించాలి. మనిషి సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ స్కేలు. ఇంకేముంది... బావ ఊరుకుంటాడా? "ఒరేయ్ స్కేలూ" అన్నాడు మొదటిరోజే. పేరు అతుక్కుపోయింది.

అక్క ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. గది నిండా నీలం గుడ్డ, సుద్దముక్కలు, నేలంతా దారప్పోగులు. రాత్రి భోజనాలు కూడా ఆ గదిలోనే. అక్కడే బావకీ బావమరిదికీ రోజూ పంచాయితీ.

"ఇవాళ ఏ శవం దొరికిందిరా?" అనేవాడు హారన్, కంచం ముందు కూర్చుంటూ.

"శవాల్లేవు బావా. అసలక్కడ ఎవరూ చావలేదు అంటుంది మేడమ్."

మేడమ్ అంటే తవ్వకాలకి పెద్ద. హారన్ ఆవిణ్ణి చూడలేదు. దిబ్బకి అవతల, వాగు పక్కన ఉన్న పాత పెంకుటింట్లో మకాం అని విన్నాడంతే. దిబ్బ అవతలికి వెళ్ళి చూసొచ్చేంత సరదా అతనికి లేదు.

"చావకపోతే ఊరు ఊరంతా ఎక్కడికి పోయారు, సినిమాకా?"

"వెళ్ళిపోయారు బావా, బుద్ధిగా, సామాన్లు సర్దుకుని. తలుపులు ఊడదీసుకున్నారు, మేకులు కూడా పీక్కుపోయారు. పొయ్యిలో బూడిద ఎత్తిపోశారు. నేల ఊడ్చి మరీ వెళ్ళారు! ఒక్క రాత్రిలో చచ్చేవాళ్ళు ఇల్లు ఊడుస్తారా చెప్పు?"

"ఎందుకూడవరు?" అంది అక్క, దారం పళ్ళతో తెంపుతూ. "చావొస్తే నలుగురూ వచ్చే ఇల్లు. చెత్త పెట్టుకుని కూర్చుంటారేమిటి?"

హారన్‌కి పొలమారింది. అలాంటి మాటల్లో ఆవిడని మించినవాళ్ళు లేరు.

"బావి ఎండిపోయుంటుందని మేడమ్ అనుమానం," అన్నాడు స్కేలు నవ్వుతూ. "అందరూ ఒకేసారి పోలేదు. ఓ ఏడు ఈ ఇల్లు, ఓ ఏడు ఆ ఇల్లు... అలా ఖాళీ అయింది."

అక్క మిషను ఆపింది.

"అయితే ఆఖరున ఉన్నవాళ్ళ సంగతి ఏమిట్రా? చుట్టూ అన్నీ ఖాళీ ఇళ్ళు. సాయంత్రం దీపం పెడితే ఊరు మొత్తానికి అదొక్కటే దీపం. ఎవరికైనా కాలు జారినా, పురుడొచ్చినా... కేకేస్తే పలికే దిక్కుండదు."

స్కేలు మాట మార్చాడు.

"దెయ్యాలు కాదు బావా, అక్కడ భయపడాల్సింది పాతర్లకి. ధాన్యం దాచుకునే గోతులు. లోపల కుండలా వెడల్పు, పైన మూతి ఇంతే. మీద మట్టి కప్పుకుపోయి, గడ్డి మొలిచి, ఎక్కడుందో తెలిసి చావదు. కాలేస్తే... అంతే. పాత గోడల మీదే నడవండిరా అని మేడమ్ రోజూ నెత్తీనోరూ కొట్టుకుంటుంది."

"నాకెందుకు చెబుతావురా? నేను వస్తేగా!" అన్నాడు హారన్, హాయిగా చెయ్యి కడుక్కుంటూ.

వచ్చాడు మరి. రావలసి వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టింది. పొద్దుగూకేసరికి కారుమేఘం దిగి, దీపాలు పెట్టేవేళకే చీకటి చిక్కబడింది. హారన్ పాలు పోసి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తుండుతో మొహం తుడుచుకుంటుంటే కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"తమ్ముడు ఇంకా రాలేదండీ."

"వస్తాడులే. వానకి ఎక్కడో ఆగుంటాడు."

"వాన ఇంకా మొదలే కాలేదుగా."

"మొదలవుతుందేమోనని ఆగుంటాడు."

"ఫోను పలకడం లేదు. వాడితో పనిచేసే అమ్మాయిని అడిగాను. అందరూ ఎప్పుడో వచ్చేశారట. వీడొక్కడూ తవ్విన గోతుల మీద టార్పాలిన్లు కప్పి వస్తానని ఉండిపోయాడట."

"మరింకేం! కప్పుతుంటాడు."

ఆవిడ లేచింది. మెడలో ఉన్న కొలతల టేపు తీసి మిషను మీద పెట్టింది. చెప్పులు వేసుకుంది.

"టార్చి ఇటివ్వండి."

"ఎక్కడికి?"

"దిబ్బకి. మీరు కూర్చోండి, కాళ్ళు కడుక్కున్నారుగా."

మగాడికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఉంటుందా? హారన్ తుండు విసిరేసి, "కూర్చో, కూర్చో! వానలో నువ్వెక్కడికి? నేను లేనూ!" అని బండి తాళాలు తీసుకున్నాడు. గుమ్మం దిగుతుంటే వెనకనుంచి మాట వినిపించింది...

"వాణ్ణి తీసుకునే రండి."

అందులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

బండి వెనక ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ దడదడమంటున్నాయి. కల్వర్టు వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. అలవాటుగా చెయ్యి హారన్ మీదికి పోయింది. మోగించుకుంటూ వెళ్ళి, దిబ్బ ఎదురుగా... జీవితంలో మొదటిసారి... బండి ఆపాడు.

హెడ్‌లైట్ల వెలుగులో కంచె కనిపించింది. కంచెకి ఆనించిన సైకిలు కనిపించింది.

స్కేలుది.

అంటే ఇక్కడే ఉన్నాడు.

అద్దం ఒక వేలు దూరేంత దించి, "ఒరేయ్ స్కేలూ..." అన్నాడు. ఆ గొంతుకి పక్కసీట్లో కూర్చున్నవాడు కూడా లేవడు. కాస్త ధైర్యం చేసి ఇంకోసారి పిలిచాడు. దిబ్బ నల్లగా, నోరు మూసుకుని ఉంది. గడ్డి మీద వాన చప్పుడు... అంతే.

కాదు.

ఇంకో చప్పుడు కూడా ఉంది.

ఠక్... ఠక్...

పై నుంచి కాదు. పక్క నుంచీ కాదు. నేలలోంచి.

హారన్ అదిరిపడ్డాడు. అదిరిపాటుకి చెయ్యి హారన్ మీద పడింది. బోయ్‌య్!

చప్పుడు ఆగింది. దిబ్బ చెవి రిక్కించినట్టయింది. తర్వాత...

ఠక్.

ఇక బండి ఎలా కదిలిందో, గేరు ఎప్పుడు పడిందో అతనికి తెలీదు. మలుపు దగ్గర తిప్పుకుని, దిబ్బ వంక చూడకుండా ఒక్క ఊపున కల్వర్టు దాటేశాడు. దాటాక ఆపాడు.

ఇంటికెళ్ళి ఏం చెప్పాలి? "అక్కడెవరూ లేరు" అనొచ్చు. మరి సైకిలు? "సైకిలు చూళ్ళేదు" అనొచ్చు. ఆవిడ ముందు అబద్ధం ఆడి గెలిచింది ఎప్పుడు? కాలర్ పట్టి చూసి కొలతలు చెప్పేస్తుంది, కళ్ళు చూసి అబద్ధం పట్టుకోలేదా?

అప్పుడు తట్టింది. తను హారన్ కొట్టాడు... అది పలికింది.

దెయ్యానికి హారన్‌తో పనేమిటి?

వెళ్ళాడు వెనక్కి. వెళ్ళాడు గానీ ఎలా వెళ్ళాడో తెలుసా? రివర్సు గేరులో. బండి మొహం ఇంటివైపే ఉండాలి కదా, ఎందుకైనా మంచిది. దిబ్బ ఎదురుగా ఆపి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు కొట్టాడు.

బోయ్. బోయ్.

ఠక్... ఠక్.

మూడుసార్లు కొట్టాడు. ఈసారి లెక్క లేదు. ఠక్‌ఠక్‌ఠక్‌ఠక్... "నీ లెక్కలు తగలెయ్య, ముందు రా బావా" అని తిట్టినట్టే ఉంది ఆ వరస.

"వాడే!" అన్నాడు హారన్ గట్టిగా. అని, హారన్ బటను మీద చెయ్యి ఆడిస్తూ, భయం పోయేదాకా మోగించాడు. అది పోలేదు. సరేనని క్యాన్లు కట్టే తాడు భుజాన వేసుకుని, టార్చి పట్టుకుని దిగాడు.

వాన జోరందుకుంది. కంచె దాటి గడ్డిలో కాలు పెట్టగానే టార్చి పసుపురంగుకి తిరిగింది. ఇలాంటప్పుడు దానికదే తెలుస్తుంది కాబోలు. నోటికి ఏదో ఒక పని ఉంటే మంచిదని ఎక్కాలు అందుకున్నాడు. చిన్నప్పుడు పంతులు కొట్టి నేర్పిన పదమూడో ఎక్కం. అది అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

"బావా..."

సన్నగా... నేలలోంచి.

"వస్తున్నాన్రా!" అని అటు పరుగెత్తబోయాడు.

"ఆగు."

గుసగుస. వెనకనుంచి... దగ్గరగా.

హారన్ తిరిగి చూశాడు. వానలో లాంతరు. లాంతరు పైన మొహం... ముడతలు పడ్డ మొహం, దాని చుట్టూ తడిసి అతుక్కున్న తెల్లజుట్టు. మెడ నుంచి కాళ్ళ దాకా తెలుపు. చేతులు సరిగ్గా కనపడవు.

కేక పెడదామనుకున్నాడు. అంత పెద్ద నోరు... ఆ పూట గాలి తప్ప ఏమీ రాలేదు.

"అటు కాదు," అంది ఆ గొంతు, ఊపిరితో మాట్లాడినట్టు. "కింద బోలు. గోడ మీద నడు."

"ఏ... ఏ గోడ?"

అక్కడ గోడ ఎక్కడుంది? గడ్డి, చీకటి.

"నీ ఎడంపక్క. గడ్డి పొట్టిగా ఉన్నచోట."

చూశాడు. నిజమే, గడ్డి ఒక బారున పొట్టిగా ఉంది. కాలు పెట్టాడు. గట్టిగా తగిలింది. వెనకనుంచి లాంతరు వెలుగు కదిలింది.

"తిన్నగా... అది వాకిలి. కుడికి తిరుగు. ఇది వీధి, ఫరవాలేదు, నడు... ఆ పక్కింటి వైపు పోకు."

లేని ఇంటి వాకిట్లోంచి దిగి, లేని వీధి వెంట నడిచాడు హారన్. వెనక ఆ తెల్లటిది. ముందు బావమరిది గొంతు. రెండిటి మధ్య తను. పరిగెత్తడానికి దారే లేదు, అందుకే వెళ్ళాడు. ధైర్యమంటే చాలాసార్లు ఇంతే.

నేలలో నల్లగా నోరు తెరుచుకున్న చోట ఆగాడు. టార్చి పెట్టి చూస్తే లోతున బురద మొహం, రెండు కళ్ళు.

"బావా, నువ్వేనా?"

"కాదురా, మీ తాతని! ఏమైంది?"

"టార్పాలిన్ లాగుతుంటే నేల దిగిపోయింది. కాలు మడతపడింది. ఫోను నీళ్ళల్లో పోయింది." స్కేలు పళ్ళు టకటకలాడుతున్నాయి. చేతిలో తాపీ ఉంది, ఇందాకటి నుంచీ దానితో రాయి మీద కొడుతున్నది అతనే. "వాననీళ్ళన్నీ ఇందులోకే వస్తున్నాయి బావా. ఇందాక మోకాళ్ళ దాకా ఉండేవి..."

ఇప్పుడు నడుం దాటాయి. లోపలి గోడలు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడుతున్నాయి. బుడుంగ్... బుడుంగ్...

హారన్ తాడు వదిలాడు. "చంకల కింద కట్టుకో, గట్టిగా!"

"అంచు దగ్గర ఉండకు," అంది గుసగుస. "వెనక్కి. గోడ మీద నిలబడి లాగు."

వెనక్కి వెళ్ళాడు. తాడు చేతికి చుట్టుకుని లాగాడు. స్కేలు సన్నటివాడే, కానీ బురద పట్టింది. ఊడిరాలేదు. ఇంకోసారి లాగాడు. అరచేతుల్లో తాడు జారి చర్మం లేచిపోయింది. కాళ్ళు గడ్డి మీద జారి, రెండు బారలు ముందుకి... ఆ నల్లనోటి వైపే... ఈడ్చుకుపోయాడు. అంచు నుంచి పెద్ద పెళ్ళ విరిగి లోపల పడింది. కింద కేక.

"బావా! వదలకు బావా!"

"వదలన్రా!" అన్నాడు. అన్నాడు గానీ చేతుల్లో సత్తువ అయిపోయింది. మొదటిసారి అతనికి దెయ్యం కంటే భయంకరమైనది తెలిసొచ్చింది... ఈ తాడు జారితే రేపు ఆ నీలం గుడ్డల గదిలో, ఆగిపోయిన మిషను ముందు నిలబడి ఏం చెప్పాలి?

అప్పుడు తాడు బిగిసింది.

వెనకనుంచి.

అతని వెనక వేలాడుతున్న కొసని ఎవరో పట్టుకున్నారు. మెడ మీద ఊపిరి తగులుతోంది. లాంతరు వెలుగు వెనకనుంచే పడుతోంది, ముందు గడ్డి మీద తన నీడ ఎన్నడూ లేనంత లావుగా పరుచుకుంది.

తిరిగి చూశాడా? చూడలేదు. చూస్తే చెయ్యి వదిలేస్తానని అతనికి తెలుసు.

దెయ్యమైతే మాత్రం ఏం... చెయ్యి వేసింది కదా!

"లాగండమ్మా," అన్నాడు ఏడుపుగొంతుతో.

లాగారు. బావిలోంచి చేద వచ్చినట్టు వచ్చాడు స్కేలు. ముందు జుట్టు, తర్వాత మొహం, తర్వాత మోచేతులు... గడ్డి మీద బోర్లా పడ్డాడు. అతని కాళ్ళు బయటికి రావడం, ఆ పాతర మూతి మొత్తం దబ్బున లోపలికి కూలిపోవడం... ఒక్కసారే జరిగాయి.

హారన్ ఇంకేమీ ఆలోచించలేదు. బావమరిదిని బస్తాలా భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండానే, "మీ మేలు మరిచిపోనండీ!" అని చీకటికి ఒక దండం పడేసి, వచ్చిన గోడ మీదుగానే పరుగు. బండి మొహం ఇంటివైపే ఉందిగా, ఆ తెలివి అక్కరకొచ్చింది. ఆసుపత్రి దాకా హారన్ ఆగలేదు.

తెల్లవారేసరికి ఊరంతా కథ పాకిపోయింది. కాలికి పట్టీ వేయించుకుని ముందుగదిలో మంచం మీద పడుకున్నాడు స్కేలు. పాలు పోసేవాళ్ళు, ఇరుగుపొరుగువాళ్ళు, గుడ్డ కొలతలిచ్చేవాళ్ళు... వచ్చినవాళ్ళందరికీ హారన్ చెబుతూనే ఉన్నాడు. చెప్పినకొద్దీ దెయ్యం పెరుగుతోంది. మొదటిసారి చెప్పినప్పుడు తనంత ఎత్తుంది. పొద్దెక్కేసరికి తాటిచెట్టంత అయింది.

"పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. నా కళ్ళతో నేను చూశాను!"

అప్పుడు గుమ్మంలో నీడ పడింది.

తెల్లజుట్టు. మెడ నుంచి కాళ్ళ దాకా తెలుపు.

హారన్ చేతిలో పాలగిన్నె జారి ఖంగున నేలని కొట్టుకుంది. వినడానికి వచ్చినవాళ్ళు ఇంకో గుమ్మంలోంచి మాయమయ్యారు.

"రాత్రి నన్ను వానలో వదిలేసి పోయింది నువ్వేనా బాబూ?" అంది ఆవిడ గుసగుసగా.

"మేడమ్!" అన్నాడు స్కేలు మంచం మీంచి లేవబోతూ. "రండి మేడమ్! బావా, మా మేడమ్!"

సంగతి ఇంతే. ఆవిడ ముందురోజు పట్నంలో ఒక కాలేజీలో ఉపన్యాసం ఇచ్చి, గొంతు పూర్తిగా పోగొట్టుకుని, చీకటి పడ్డాక మకాం చేరింది. దిబ్బ అవతలనుంచి ఒకటే హారన్ మోత. "ఎవడు వీడు, తాగొచ్చి గోల చేస్తున్నాడు, నాలుగు తిట్టొద్దాం" అని లాంతరు పట్టుకుని, మడమల దాకా ఉండే తెల్ల వానకోటు తొడుక్కుని వచ్చింది. తిట్టడానికి గొంతు లేదు. వచ్చి చూస్తే ఇదీ వరస.

అక్క మిషను మీద తల ఆనించి నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. స్కేలు కాలు నొప్పి పుడుతున్నా ఆపుకోలేకపోయాడు. హారన్ తలొంచుకుని నేల మీది పాలు తుడుస్తున్నాడు.

"చూసుకో బాబూ," అంది మేడమ్, కోటు కాస్త పైకెత్తి. "ముందుకే ఉన్నాయి పాదాలు."

అక్క కుర్చీ మీది గుడ్డలు తీసి ఆవిణ్ణి కూర్చోబెట్టి, టీ కలిపి తెచ్చింది. హారన్ సిగ్గు దిగమింగుకుని ఎదురుగా వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"నన్ను క్షమించాలి మేడమ్. ఏమనుకున్నా, రాత్రి వెనకనుంచి మీరు తాడు పట్టకపోతే మావాడు దక్కేవాడు కాదు. ఈ వయసులో అంత బలం... మీకు జన్మంతా రుణపడి ఉంటాం."

"నేనా?" అంది మేడమ్.

కోటు గుండీలు విప్పింది. లోపల కుడిచెయ్యి మోచేతి దాకా పట్టీ వేసి, మెడకి కట్టి ఉంది.

"నిన్న పట్నంలోనే మెట్ల మీద పడ్డాను, ఎముక విరిగింది. లాంతరు పట్టుకోవడమే గగనమైంది నాకు. నీ వెనక లాగింది మీవాళ్ళేగా? మంచివేళకి తీసుకొచ్చావు. వాళ్ళకి నా తరఫున కూడా చెప్పు."

"మావాళ్ళా?"

"అదే... ఆ పెద్దాయన, ఆ ఇద్దరు ఆడవాళ్ళు. పాలకేంద్రంలో నీతో పనిచేసేవాళ్ళు అనుకున్నాను. ఆ చిన్నావిడ చంకలో పిల్లని కూడా ఎత్తుకునే లాగింది. జాగ్రత్తమ్మా అంటే నా వైపు చూసి తలూపింది."

హారన్ కట్టుకున్న చేతులు విప్పాడు.

"నేనొక్కణ్ణే వెళ్ళాను మేడమ్," అన్నాడు హారన్.

మేడమ్ టీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళి ఆపింది. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేసి, కప్పు మెల్లగా మిషను మీద పెట్టింది.

"నాకు అప్పుడు తట్టలేదు," అంది, ఉన్న కాస్త గొంతు కూడా పోయినట్టు. "అంత వానలో... వాళ్ళ బట్టలు పొడిగా ఉన్నాయి."